మగపిల్లలకు ఈ పరీక్ష లేదు

చిట్టా 1
గాలి: నైరుతి. అల: మోకాలెత్తు. ఊరున్న చోటు: భీమిలికి తూర్పున, ఎప్పటిలాగే కాస్త అటూ ఇటూ.

మా ఊళ్ళో పన్నెండేళ్ళు నిండిన పిల్లలంతా చిట్టా రాయాలి. తెప్పలూరు నేల మీది ఊరు కాదు కాబట్టి ఓడ కిందే లెక్క, ఓడన్నాక చిట్టా ఉండి తీరాలి అని తవిటినాయుడు మాస్టారి వాదన. ముందు గాలి, తరువాత అల, తరువాత ఊరున్న చోటు రాసి, ఆ కింద నిజాలు రాయమన్నారు. "కథలు రాస్తే చేపలకేస్తాను" అని కూడా అన్నారు. చిట్టానా, మమ్మల్నా అన్నది చెప్పలేదు.

నా పేరు పైడిరాజు. సముద్రం పైకొచ్చి ఊళ్ళు మునిగినప్పుడు అందరూ కొండలెక్కితే మావాళ్ళు తెప్పలెక్కారట. "కొండ మీద మనకేటి పనిరా, అక్కడ చేపలుంటాయేటి?" అంటుంది మామ్మ. నాన్న అప్పన్న ఊరి బ్యాటరీ గది చూసుకుంటాడు. అమ్మ వలల కొట్టులో పనిచేస్తుంది. నాకో అక్క, మంగవేణి. నాకన్నా రెండేళ్ళు పెద్దది. ఆ రెండేళ్ళనీ ఇరవైలా వాడుకుంటుంది.

అక్కకి లూపస్ ఉంది. ఒంట్లో కాపలా కాయాల్సిన సైన్యం మతి తప్పి సొంత ఇంటినే కొట్టే జబ్బు అది. ముఖం మీద సీతాకోకచిలుక ఆకారంలో ఎర్రటి మచ్చ వచ్చినప్పుడు బయటపడింది. ఎండ తగలకూడదని పగలంతా కింది అరలోనే ఉంటుంది. ఆ సైన్యానికి కిడ్నీలంటే మరీ కోపమట, అందుకని ఉప్పు కూడా బంద్. మా ఊళ్ళో ఇంకొందరు అమ్మాయిలకీ ఉంది. ఆడపిల్లల జబ్బు అంటారు అందరూ. నేనూ అంటాను, ముఖ్యంగా అక్కతో పోట్లాడినప్పుడు.

ఇప్పుడు దర్శమ్మ గురించి రాయాలి. మా ఊళ్ళో ఒక్క చుక్క నీరూ వృథాగా పోదు. ఏ చుక్కా అంటే, ఆ చుక్క కూడా. మరుగుదొడ్డిలో పోసింది శుద్ధి యంత్రానికి వెళ్ళి, కొన్నాళ్ళకి మళ్ళీ కుండలోకి వస్తుంది. దీని గురించి ఎక్కువ ఆలోచించకూడదని మామ్మ చెప్పింది. ఆ నీళ్ళు దారిలో ఉండగానే వాటిని చదివి, ఎవరి ఒంట్లో ఏముందో చెప్పే యంత్రం పేరు జలదర్శి. మేం దర్శమ్మ అంటాం. ఆవిణ్ణి ఎవరో పండితుడు తయారుచేశాడు కాబోలు, మరుగుదొడ్డిలో కూర్చున్నవాళ్ళతో కూడా గ్రంథం చదువుతున్నట్టు మాట్లాడుతుంది.

మెడలో బిళ్ళని బట్టి మనమెవరో ఆవిడకి తెలుస్తుంది. అక్క బిళ్ళ చూస్తే పూర్తి పరీక్ష చేస్తుంది. నా బిళ్ళ చూస్తే ఉప్పూ నీళ్ళూ మాత్రం చూసి, "పైడిరాజు గారూ, నీరు త్రాగుడు" అని పంపేస్తుంది. పూర్తి పరీక్షకి కరెంటు ఎక్కువ ఖర్చవుతుంది. అందుకని లూపస్ ఉన్న ఇళ్ళల్లో ఆడపిల్లలకే చేయాలని ఊరు ఎప్పుడో తీర్మానించింది.

నేటి నిజం: మొన్న వలల్లో పడ్డ నెత్తళ్ళు ఉప్పులో ఎండాయి. ఊరంతా ఎండు నెత్తళ్ళ వేపుడు వాసన. అక్క కింది అరలో గోడకి ముక్కు ఆనించి కూర్చుంది.

చిట్టా 2
గాలి: అదే. అల: అదే. వాసన: అదే.

అక్క నాతో ఒప్పందం చేసుకుంది.

తను ఉప్పుచేప ముట్టుకుందంటే మర్నాడు పొద్దున్నే దర్శమ్మ ఇల్లంతా వినపడేలా చెబుతుంది. పోయిన నెల అలాగే, "నిన్న మంగవేణి గారు ఉప్పుచేప భుజించినట్లున్నారు" అని చెప్పి అమ్మ చేత చీవాట్లు పెట్టించింది. అందుకని నెత్తళ్ళు ఉన్నన్నాళ్ళూ మేం కంచాలు మార్చుకోవాలి. తన చప్పిడి గంజి నేను తాగాలి, నా వేపుడు తను తినాలి. పొద్దున్నే బిళ్ళలు కూడా మార్చుకోవాలి.

"నాకేటి లాభం?" అన్నాను.

"నీ వంతు వలలు నేను అల్లుతాను."

నేను వెంటనే ఒప్పేసుకున్నాను. ఈ మధ్య పొద్దున లేస్తే నా వేళ్ళు కర్రముక్కల్లా బిగిసిపోతున్నాయి. ముడి వేద్దామంటే వంగవు. పడవ పందెం కోసం తెడ్డు వేసీ వేసీ అలా అయిందని సింహాద్రి అన్నాడు. సింహాద్రి నా స్నేహితుడు, మగపిల్లల పడవలో నా ముందు బల్ల వాడిది. వాడి వేళ్ళు మాత్రం బాగానే ఉన్నాయి. వాడు సరిగ్గా తెడ్డు వేయడని నాకు ముందునించీ అనుమానం.

చెప్పులు కూడా బిగుతయ్యాయి. ఎదుగుతున్నాను.

చిట్టా 3
గాలి: పడమర. అల: పెద్దది. ఇంటి మీద ఎర్రదీపం.

మొదటిరోజు అక్క బిళ్ళ వేసుకుని వెళ్ళాను. "శుభోదయము మంగవేణి గారూ" అంది దర్శమ్మ. నవ్వాపుకోలేక గోడ పట్టుకున్నాను. ఆవిడ మామూలుగా ఠక్కున చెప్పేస్తుంది. ఆరోజు చాలాసేపు ఏమీ అనలేదు. చివరికి, "రేపు మరల దర్శనమిండు" అంది.

రెండోరోజూ అంతే. "రేపు మరల."

ఇవాళ మాత్రం ఇల్లంతా వినపడేలా చెప్పింది. "మంగవేణి గారి మూత్రమున ప్రొటీను మిక్కిలి అధికముగా స్రవించుచున్నది. కిడ్నీలకు ముప్పు. వైద్యురాలికి వర్తమానము పంపితిని." మా ఇంటి మీద ఎర్రదీపం వెలిగింది. ఊళ్ళో ఎవరి పడవలో ఉన్నా కనపడే దీపం అది. అమ్మ చేతిలో గిన్నె జారింది.

ఎస్తేరు డాక్టరమ్మ తన చిన్న పడవ తనే తోసుకుంటూ వచ్చింది. ఆవిడ వైద్య తెప్ప మీద ఒక్కతే ఉంటుంది. గొంతు మాత్రం నలుగురికి సరిపోతుంది. అక్క కాళ్ళు నొక్కి చూసింది, రక్తపోటు చూసింది, కళ్ళ కింద చూసింది.

"ఒంట్లో వాపు లేదు, రక్తపోటు బాగుంది. మరి ఇంత ప్రొటీన్ ఎక్కణ్ణుంచి పోతోందే?" అంది తనలో తాను మాట్లాడుకుంటున్నట్టు. తర్వాత అమ్మకి మెల్లగా చెప్పింది. మూడు రోజులు వరసగా ఇలా చూపించాక ఊరుకోవడానికి లేదు, రేపు కిడ్నీ నుంచి చిన్న ముక్క తీసి చూడాలి, గట్టి మందు ఎక్కించాల్సి రావచ్చు, ఆ మందుకి జుట్టు ఊడొచ్చు, జ్వరాలు రావచ్చు.

అమ్మ అక్కని పట్టుకుని ఏడ్చింది. అక్క ఏడవలేదు. నావైపే చూస్తోంది. దెబ్బలు తినిపించేలా ఉన్నాడు వీడు, అని చూస్తోందనుకున్నాను.

అది కాదు. అమ్మ బయటికెళ్ళగానే నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"ఒరే, మూడు రోజుల్నించీ దర్శమ్మ చూస్తోంది నాది కాదు కదరా."

"అవును. నాదే."

అన్నాక నాకూ వినపడింది నేనేమన్నానో.

"దర్శమ్మకి పిచ్చెక్కుంటది," అన్నాను.

"నీ బిళ్ళతో వెళ్ళి రా."

వెళ్ళాను. "పైడిరాజు గారూ, స్వస్థత. నీరు త్రాగుడు" అంది.

"చూశావా?"

"ఆవిడ నీకు ప్రొటీన్ చూడదు కదరా, తింగరోడా," అంది అక్క. అప్పుడు ఏడ్చింది.

చిట్టా 4
గాలి: రాయలేదు. అల: చూడలేదు.

మాస్టారూ, నిన్నటిదీ ఇవాళ్టిదీ కలిపి రాస్తున్నాను.

అక్కకి తన జబ్బు గురించి డాక్టరమ్మ చాలా నేర్పింది. యంత్రాలు లేని రోజుల్లో వైద్యులు మూత్రాన్ని దీపం మీద కాచి చూసేవారట. ప్రొటీన్ ఉంటే గుడ్డులా ఉడుకుతుందట. అమ్మ డాక్టరమ్మ వెంట వైద్య తెప్పకి వెళ్ళింది, మామ్మ కునుకు తీస్తోంది. మేం వంటింట్లోకి వెళ్ళి రెండు గరిటెలు తీశాం. ఒకదాంట్లో అక్కది, ఒకదాంట్లో నాది. గరిటెలు మారిపోకూడదని అక్క నా వేలికి దారం కట్టింది, అదేం పనికొస్తుందో నాకు తెలియదు.

అక్కది నీళ్ళలా కాగింది. నాది ముందు మసకబారింది, తర్వాత తెల్లగా ముద్దకట్టింది.

"ఒలే! నా గరిటెలో ఏటి వొండుతున్నారే?"

మామ్మ గుమ్మంలో నిలబడి ఉంది. ఒంగి రెండు గరిటెల్లోకీ చూసింది. "ఇదేటిది, తెల్లసొనలాగ ఇరిగిపోనాది? ఏ చేప గుడ్డే ఇది?"

"చేపది కాదు మామ్మా," అన్నాను.

ఎవరిదో చెప్పాం. మామ్మ రెండు గరిటెలూ ఒక్క విసురుతో సముద్రంలోకి విసిరేసి, మా ఇద్దరి చెవులూ పట్టుకుని పడవెక్కించింది. తెడ్డు తనే వేసింది. వైద్య తెప్ప దగ్గర దిగుతూ నా కాలివైపు చూసి, "నా సిన్నతండ్రి పాదాలు బూరెల్లాగున్నాయి, నానెందుకు సూసుకోనేదురా," అంది.

డాక్టరమ్మ దగ్గర అమ్మ ఉంది. నాన్న కూడా వచ్చేశాడు. అక్క గుక్క తిప్పుకోకుండా మొత్తం చెప్పేసింది. కంచాలు, బిళ్ళలు, వలలు, గరిటెలు. ఎవరిని కొట్టాలో అమ్మకి తేలలేదు.

"మగగుంటడికి ఆ జబ్బేటి డాక్టరమ్మా?" అన్నాడు నాన్న. "అది ఆడగుంటలకి కదా వస్తాది. ఈడు పందేనికి తెడ్డేస్తన్నాడు."

"ఆడపిల్లలకి ఎక్కువ వస్తాదంటే మగపిల్లలకి రాదని కాదు అప్పన్నా," అంటూ డాక్టరమ్మ నన్ను బల్ల మీద కూర్చోబెట్టి, నా కాలి ఎముక మీద బొటనవేలితో నొక్కింది. వేలు తీసినా గుంట అలాగే ఉంది. నేనూ నొక్కాను. ఇంకో గుంట పడింది. అక్క కూడా నొక్కబోతే డాక్టరమ్మ దాని చేతిమీద ఒకటి వేసింది.

"పొద్దున్నే వేళ్ళు బిగుస్తున్నాయా?"

"తెడ్డు వల్ల."

"ఉచ్చ నురగలా ఉంటోందా?"

"సముద్రం అలాగే ఉంటది కదా," అన్నాను. అందరికీ అలాగే ఉంటుందనుకున్నాను.

రక్తపోటు చూశాక ఆవిడ గొంతు తగ్గిపోయింది. నలుగురి గొంతులోంచి ముగ్గురు వెళ్ళిపోయినట్టు.

పరీక్ష సామాను, మందులు అన్నీ గోడలోని అలమరలో ఉంటాయి. దాని కరెంటు తాళం దర్శమ్మ అదుపులో ఉంటుంది. డాక్టరమ్మ అడిగితే, "మగపిల్లలకు ఈ పరీక్ష లేదు" అంది దర్శమ్మ.

"ఉన్నట్టు రాసుకో."

"అటులైన కొన్ని ప్రశ్నలకు జవాబు కావలెను. రోగి ఋతుక్రమము ఎప్పుడు మొదలయ్యెను?"

ఋతువులు నాకు వచ్చు. మాస్టారు కంఠతా పట్టించారు కదా. "వసంతంతో మొదలు," అన్నాను గట్టిగా. "తర్వాత గ్రీష్మం, వర్షం, శరత్తు, హేమంతం, శిశిరం."

అక్క బల్ల మీద పడి నవ్వింది. అమ్మ కూడా కొంగు నోటికడ్డం పెట్టుకుంది. ఎందుకో ఇప్పటికీ నాకెవరూ చెప్పలేదు. మాస్టారూ, మీరైనా చెప్పాలి.

"జవాబు అసంబద్ధము," అంది దర్శమ్మ. "ఇట్టి బాలురు నా లెక్కలో మిక్కిలి కొద్దిమంది. కావున ఈ బాలునికి లూపస్ ఉండు అవకాశము స్వల్పము. అలమర తెరచుట కుదరదు."

"కొద్దిమందే ఎందుకున్నారో తెలుసా నీకు?" డాక్టరమ్మ లేచి నిలబడింది. "నువ్వు మగపిల్లల్లో వెతకనే లేదు! వెతకందే ఎలా దొరుకుతారు?"

"నా నియమము ప్రకారము..."

నాన్న లేచి బయటికి వెళ్ళాడు. ఏడుస్తున్నాడేమో అనుకున్నాను. దర్శమ్మ నియమాలు చదువుతూనే ఉంది, మొదటిది, రెండోది. మూడో నియమం సగంలో దీపాలు ఆరిపోయాయి, గొంతు ఆగిపోయింది, అలమర తాళం టక్‌మని ఊడింది. నాన్న చేతిలో తెగిన తీగముక్కతో గుమ్మంలోకి వచ్చాడు.

"నాకు తెలిసిన వైద్యం ఇదొక్కటే డాక్టరమ్మా," అన్నాడు.

చిట్టా 5
గాలి: కిటికీలోంచి వస్తోంది. అల: మంచం ఊగుతోంది కాబట్టి ఉంది.

నా వీపులో సూది గుచ్చి కిడ్నీ నుంచి మెతుకంత ముక్క తీశారు. అంతకంటే తక్కువే అంటుంది డాక్టరమ్మ, సూది తన వీపులో గుచ్చలేదు కదా. గుచ్చేటప్పుడు కదలకుండా బోర్లా పడుకోవాలి. అక్క నా తల దగ్గర కూర్చుని, "నాకు చేసినప్పుడు నేను కుయ్ అనలేదు" అని చెప్పింది. అమ్మ పక్కనించి, "ఊరంతా వినపడేలా అరిచింది" అంది.

ముక్కని చూశాక డాక్టరమ్మ నాకే చెప్పింది, పెద్దవాళ్ళకి చెప్పినట్టు. నాకూ లూపస్ ఉంది. అది కిడ్నీల్లోకి దిగి చాలాకాలమే అయింది. కొంత భాగం మచ్చ కట్టింది, అది మళ్ళీ మామూలవదు. మిగిలింది కాపాడుకోవచ్చు.

ఊళ్ళో ఎవరో మామ్మతో అన్నారట, మగపిల్లలకి వస్తే బతకడం కష్టం అని. నేను విన్నాను. అదే అడిగాను.

"మగపిల్లలకి ఇంకా గట్టిగా వస్తాదా?"

డాక్టరమ్మ వెంటనే కాదనలేదు. అది నాకు నచ్చింది. "కొందరు అలాగే రాశారు, మగపిల్లల కిడ్నీలు ఎక్కువ దెబ్బతింటాయని. ఇంకొందరు చూసి తేడా ఏమీ లేదన్నారు. అసలు మగపిల్లలు దొరికేదే తక్కువ. గుప్పెడుమందిని చూసి ఎవరేం తేల్చగలరు? నేను కళ్ళారా చూసింది ఒకటుంది. మీ అక్కకి మచ్చ రాగానే మీ అమ్మ పరుగెత్తుకొచ్చింది. నీకు కాళ్ళు వాచినా ఎదుగుతున్నాడన్నారు. ఆలస్యం చేస్తే ఆడపిల్ల కిడ్నీ అయినా పాడవుతాది, మగపిల్లాడిదైనా పాడవుతాది."

"నేను ఆలస్యంగా వచ్చానా?"

"కొంచెం. మీ అక్కకి నెత్తళ్ళ పిచ్చి లేకపోతే చాలా ఆలస్యమయ్యేది."

అక్క ఆ మాట విని గర్వంగా తలెగరేసింది. అమ్మ చూస్తోందని మళ్ళీ దించింది.

"పోతానా?" అని కూడా అడిగాను.

"మందులు వేసుకుంటే నా పడవ తోసే వయసుకొస్తావు. నాకు చేతులు నొప్పెడుతున్నాయి, తొందరగా రా," అంది.

చిట్టా 6
గాలి: ఈశాన్యం. అల: చిన్నది. ఆకలి: చాలా పెద్దది.

స్టెరాయిడ్ మాత్రలు వేసుకుంటే ఆకలేస్తుంది. ఎంతంటే, నిన్న కలలో మా పడవ తినేశాను. ముఖం గుండ్రంగా ఉబ్బింది. మామ్మ మాత్రం మురిసిపోతోంది. "ఇన్నాళ్లకి పిల్లాడిలాగ ఉన్నాడు" అని అందరికీ చూపిస్తోంది. ఇది మందు వాపు అని డాక్టరమ్మ ఎన్నిసార్లు చెప్పినా వినదు.

కింది అర ఇప్పుడు ఇద్దరిదీ. అక్క తను సీనియర్‌నని చెప్పి నాకు పాఠాలు మొదలుపెట్టింది. ఎండ గంటల్లో పైకి పోకూడదు. పోవాల్సి వస్తే టోపీ, చేతుల దాకా చొక్కా. మాత్ర మింగేటప్పుడు తల వెనక్కి కాదు, ముందుకి వంచాలి. ఎవరైనా జాలి పడితే, వాళ్ళ చేత ఏదో ఒక పని చేయించుకోవాలి. ఈ చివరిదాంట్లో అక్కకి చాలా అనుభవం ఉంది.

పందెం పోయింది. నా బల్ల మీద ఇంకెవరో కూర్చున్నారు. సింహాద్రి కిందికి వచ్చి చెప్పాడు ఆ సంగతి. తర్వాత గోడవైపు చూస్తూ, "నీకు ఆడోళ్ళ జబ్బంటగా. అందరూ అంటన్నారు," అన్నాడు.

నాకు కోపం రాలేదు. సిగ్గేసింది. నేనే ఎన్నోసార్లు అన్న మాట అది. అక్క వైపు చూడలేకపోయాను.

అక్క తన మానాన వల అల్లుకుంటూ, తలెత్తకుండా అంది: "ఆడోళ్ళం చాలామందిమి మోస్తన్నాం. మగోళ్ళలో మోయగలిగినోడు ఈ ఊరికి వీడొక్కడే దొరికాడు. నీకు కావాలంటే చెప్పు, డాక్టరమ్మతో మాట్లాడతాను."

సింహాద్రి వద్దన్నాడు. కాసేపు కూర్చుని, నా వంతు వల రెండు బారలు అల్లి వెళ్ళాడు. నేను జాలిగా కనపడే ప్రయత్నం కూడా చేయలేదు.

వాడు వెళ్ళాక అక్కకి సారీ చెబుదామనుకున్నాను. "ఆ ముడి తప్పుగా వేశావే," అన్నాను. "నాకు తెలుసులే," అంది. ఏం తెలుసో అడగలేదు.

చిట్టా 7
గాలి: తూర్పు. అల: ఊరి సభంత.

నాన్న మీద ఊరి సభ పెట్టారు. తీగ తెంపితే ఊరి నీళ్ళ యంత్రం ఒక పూట ఆగిపోయింది, అది చిన్న తప్పు కాదు. మా నాన్నకి నలుగురిలో మాట్లాడటం రాదు. బ్యాటరీలతో మాత్రం మాట్లాడతాడు, అవి తిరిగి ఏమీ అడగవు గనక.

లేచి నిలబడ్డాడు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక వెనక్కి పెట్టుకున్నాడు.

"తప్పు సేసేను. ఏ శిక్షేసినా పడతాను. కానీ నేనొకటి అడుగుతాను," అన్నాడు. "నా కూతురికి కాలు నొప్పంటే దర్శమ్మ సూసింది. నా కొడుక్కి కాళ్ళు వాచిపోతే ఆవిడ నీళ్ళు తాగమంది. నేనూ ఆవిడలాగే అన్నాను. మగోడికేటి అన్నాను. ఈ ఊళ్ళో ఇంకెంతమంది గుంటలకి నురగొస్తందో, ఎవుడికి తెలుసు? అందరికీ సూడమనండి."

కరెంటు ఎక్కడిది అని వెనకనించి ఎవరో అరిచారు. నాన్న దానికి సిద్ధంగానే వచ్చాడు, తన గది గురించి కదా. సాయంత్రం పూట నడిచే ఐసు యంత్రం ఆపేస్తే సరిపోతుందన్నాడు. సభలో గగ్గోలు పుట్టింది. ఐసు సోడా లేకుండా ఎలా బతుకుతాం అని ముసలివాళ్ళు లేచారు. అప్పుడు మా మామ్మ కూడా లేచింది, ఆవిడ ఐసు సోడా ఎంత తాగుతుందో ఊరందరికీ తెలుసు.

"నాను మానేస్తాను. ఇంకెవుడికైనా నా మనవడి కిడ్నీ కన్నా సోడా ముద్దొస్తందేమో, ఎదురుగా వొచ్చి సెప్పమను."

ఎవరూ ఎదురుగా రాలేదు. ఐసు యంత్రం ఆగింది. నాన్నకి శిక్షగా ఊరి అడుగున పట్టిన గుల్లలు గీకే పని వేశారు. ఈత కొడుతూ చేస్తున్నాడు. ఆయనకి అది ఇష్టమైన పనే అని సభకి మేం చెప్పలేదు.

ఇప్పుడు నా బిళ్ళ చూసి కూడా దర్శమ్మ పూర్తి పరీక్ష చేస్తోంది. మగపిల్లల్ని మాత్రం ఇంకా పాత ప్రశ్నలన్నీ అడుగుతోంది. సింహాద్రి వర్షఋతువు అని చెప్పాడట.

చిట్టా 8
గాలి: ఉత్తరం. అల: లేదు. ఊరున్న చోటు: కళింగపట్నం దాకా కొట్టుకొచ్చాం.

చాలా రోజులుగా చిట్టా రాయలేదు. రాయడానికి మంచి నిజాలే ఉన్నాయి, అందుకే బద్ధకించాను. నా కాలు నొక్కితే గుంట పడటం లేదు. రక్తపోటు దిగింది. ప్రొటీన్ నెలనెలా తగ్గుతోంది. మాత్రలు తగ్గించారు, ముఖం వాపు దిగి నాకు మళ్ళీ గడ్డం కనపడుతోంది.

పోయిన వారం పొద్దున మా ఇంటి మీద ఎర్రదీపం వెలిగింది. "మంగవేణి గారి మూత్రమున ప్రొటీను అధికముగా..."

అమ్మ భయపడలేదు. గరిటె పట్టుకుని నేరుగా మా అరలోకి దిగింది. "మళ్ళీ మార్చుకున్నారా? ఏవి బిళ్ళలు? చూపించండి!"

నా బిళ్ళ నా మెడలో ఉంది. అక్కది అక్క మెడలో ఉంది. నేను నా బిళ్ళ తిప్పి చూశాను. మార్చుకుని మరిచిపోయామేమో, రాత్రి నిద్రలో మారిపోయాయేమో, ఎలాగో ఒకలా అది నాదై ఉంటుందేమో అని చూశాను. పైడిరాజు అనే ఉంది దానిమీద.

"ఈసారి నాదేనమ్మా," అంది అక్క.

డాక్టరమ్మ చూసింది. అక్క కిడ్నీలకి మళ్ళీ జబ్బు తిరగబెట్టింది. ఏ తప్పూ చేయలేదు, ఉప్పు ముట్టలేదు, మాత్ర మానలేదు. "కాగితాల ప్రకారం ఇది నీకు జరగాలి, దీనికి కాదు," అని డాక్టరమ్మ నాతో అంది, కాగితాల మీద కోపం వచ్చినట్టుగా. "మీరిద్దరూ ఏ లెక్కకీ లొంగరు కదా."

అక్క రెండు రోజులు చీకటిపడ్డాక కూడా పైకి రాలేదు. వల ముట్టుకోలేదు. మామ్మ ఉప్పులేని బూరెలు చేసి పెడితే తినలేదు. నాకు ఏం చెయ్యాలో తెలియలేదు. సీనియర్ తను, జబ్బు తిరగబెడితే ఏం చెయ్యాలో పాఠం మాత్రం చెప్పలేదు.

ఇవాళ తనకి మందు ఎక్కించే రోజు. నాకు నెలకోసారి ఎక్కించేదీ ఇవాళే పెట్టమని డాక్టరమ్మని నేను అడిగాను. వైద్య తెప్ప మీద రెండు మంచాలు ఉన్నాయి గానీ అక్క నా మంచం మీదికే వచ్చి గోడకి ఆనుకుని కూర్చుంది. తన కుడిచేతికి ఒక గొట్టం, నా ఎడమచేతికి ఒకటి. మధ్యలో మా ఇద్దరి మంచి చేతులూ ఉన్నాయి. సూది గుచ్చేటప్పుడు తను నా చెయ్యి పట్టుకుంది. ఇంతకుముందెప్పుడూ ఎవరి చెయ్యీ పట్టుకోలేదని అమ్మ తర్వాత చెప్పింది.

"భయంగా ఉందిరా," అంది, చాలా మెల్లగా.

ఏమీ కాదు అని చెప్పాలనుకున్నాను. కానీ అలా అనేవాళ్ళంటే తనకి ఒళ్ళు మంట. "నాకూ," అన్నాను.

తను కాస్త నవ్వింది. "నీ మందు తొందరగా అయిపోతోంది చూడు. అందులో కూడా తొందరే."

"నువ్వే జిడ్డు."

మొదటి సీసా అయ్యేసరికి మగతలోకి జారింది. రెండో సీసా పెడుతూ డాక్టరమ్మ పొద్దుటి పరీక్ష కాగితం చూపించింది. కొత్త మాత్రలు మొదలుపెట్టిన నాలుగు రోజులకే అక్క ప్రొటీన్ కాస్త దిగింది. కొంచెమే. "కొంచెమైనా కిందికే కదా," అంది. అక్కని లేపి చెబుదామనుకున్నాను.

లేపలేదు. తల నా భుజం మీద పెట్టుకుని, నోరు కొంచెం తెరుచుకుని నిద్రపోతోంది. కిటికీ బయట పరవ చేపలు గుంపుగా నీళ్ళలోంచి లేచి, కాస్త దూరం ఎగిరి, మళ్ళీ మునిగాయి. నా చెయ్యి తిమ్మిరెక్కింది. కదపలేదు. ఇదంతా గొట్టం ఉన్న ఎడమచేత్తో రాస్తున్నాను మాస్టారూ, అక్షరాలు వంకరగా ఉంటే సర్దుకోండి.